పద్నాలుగో చింతపిక్క

గుంటూరు,
14 సెప్టెంబర్ 2003

మహారాజశ్రీ షేక్ ఇషాక్ గారి సముఖమునకు,

నాగేంద్రబాబు అను అపరాధి శిరస్సు వంచి వ్రాసుకొను క్షమాపణ పత్రము.

ముందుగా ఈ ఉత్తరం రాస్తున్నందుకు క్షమించు. ఇది పొడుగ్గా ఉన్నందుకు క్షమించు. దస్తూరి కోడి కెలికినట్టున్నందుకు క్షమించు. కవరు విప్పగానే తుమ్ము వస్తే దానికీ క్షమించు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాడి ఉత్తరం అలాగే ఉంటుంది. ఇందులో ఎక్కడైనా నిజం దొర్లితే అది నా ప్రమేయం లేకుండా జరిగిందని గ్రహించి మరీ మరీ క్షమించు.

ఇక నేరాల జాబితా. హాస్టల్లో మూడేళ్ళపాటు నీ నీలం బకెట్ నాదని బుకాయించినందుకు. మీ చెల్లెలు సఫూరా పంపిన చింతకాయ పచ్చడిని చీమలు తినేశాయని చెప్పినందుకు. ఆ చీమను నేనే. మెషిన్ డ్రాయింగ్ పరీక్ష రోజు నీ రబ్బరు దాచి, దాన్ని వెతకడంలో నీకు సాయం చేసినందుకు. ఇవి తప్ప నేను నీకు చేసిన ద్రోహమేదీ లేదు. ఉందంటావా, దానికీ ఒక పత్రం రాసి పంపుతాను.

ఫోన్లో చెబుదామంటే రెండుసార్లు నా గొంతు వినగానే పెట్టేశావు. మీ మామయ్య మేనేజరుగా ఉన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఫోను అంత సున్నితమైందని తెలీదు. ఉత్తరమైతే పెట్టెయ్యలేవు, చించాలి. చించే ముందు నీ అలవాటు ప్రకారం చివరిదాకా చదువుతావు.

ఇప్పుడు అసలు సంగతి. ఒరేయ్, మళ్ళీ ఆట మొదలుపెట్టాను.

ఏ ఆట అంటావేమో. ఏడాదిన్నరగా నాతో మాట్లాడనివాడివి, మర్చిపోయి ఉంటావని చరిత్ర కోసం నమోదు చేస్తున్నాను. సెకండియర్లో ఒక సీనియర్ వదిలేసిపోయిన ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు కట్ట. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులై తిరుగుతారు. ఒకడు యోధుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ, ఒకడు వైద్యుడు. ఎవరికి ఏం చేతనవునో ఏం చేతకాదో రాసి ఉంటుంది. దాన్ని వాళ్ళు క్లాస్ అన్నారు. తెలుగులో కులం అందామా అని మనవాడొకడు అనగానే మెస్సు మొత్తం చేతులు కడుక్కోవడం ఆపి మనవైపు చూసింది. వెంటనే వృత్తి అని పెట్టుకున్నాం. ప్రమాదం వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. గుంటూరంతా గాలించినా అలాంటిది దొరక్క, ఇరవై చింతపిక్కల మీద వైట్నర్‌తో అంకెలు వేసి మీ అమ్మ కుట్టిన గళ్ళ సంచిలో పోశాం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మెస్సులో మూల బల్ల. మీరు నలుగురు ఇటు. నా డ్రాయింగ్ బోర్డు నిలబెట్టి దాని వెనక నేను. కథకుణ్ణి కాబట్టి పిక్క తీసేదీ నేనే, చూసేదీ నేనే, అంకె చెప్పేదీ నేనే.

ఇప్పుడు గుంటూరులో కొత్త బల్ల. ఆడేవాళ్ళు ముగ్గురు: మా సందులో ఆటో నడిపే మాబు, మా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్ యలమందయ్య, నా పక్క గదిలో ఉండి టైపు నేర్పే యేసుపాదం. పుస్తకంలోని వృత్తులు వీళ్ళకి ఆనడం లేదు. నువ్వు తయారు చేసిన మంచె కాపరి వృత్తి కావాలి. నీ అనుమతి లేకుండా వాడితే అది నా జీవితంలో నేను నిజంగా చేసిన మొదటి నేరం అవుతుంది.

ఒక్క కార్డు ముక్క రాయి చాలు.

విధేయుడు,
నాగేంద్ర


వేటపాలెం,
2 అక్టోబర్ 2003

నాగేంద్రా,

ఉత్తరం అందింది. తుమ్ములు వచ్చాయి. బకెట్ నీదనే అనుకున్నాను.

మంచె కాపరిని వాడుకో. కాకపోతే అది పనికిరాని వృత్తి. ఎలా పోయాడో నువ్వే చూశావు.

పిక్కల సంచి నా దగ్గరే ఉంది. మొన్న విప్పి చూస్తే పంతొమ్మిదే ఉన్నాయి. పద్నాలుగు లేదు. హాస్టల్ ఖాళీ చేసి వచ్చిన రోజు రైల్లో ఎక్కడో జారిపోయి ఉంటుంది. దాని బదులు ఒక జీడిగింజ మీద అంకె వేసి పడేశాను.

ఇషాక్


గుంటూరు,
19 అక్టోబర్ 2003

ఒరేయ్ ఇషాక్,

నీ కార్డు అందింది. అందులో సగం ఖాళీ. ఆ ఖాళీని కూడా రెండుసార్లు చదివాను.

పిక్క పోయిందని బాధపడకు, చింతపిక్కలకి మన జిల్లాలో కరువేమీ లేదు. జీడిగింజ బాగానే ఉంటుంది.

ఇక ఆట విశేషాలు. ముందు నీ నియమాలు నిలబడి, గంభీరంగా, కోర్టులో తీర్పు చదివినట్టు చదివాను. మంచె కాపరి చేతిలో వడిసెల తప్ప వేరే ఆయుధం ఉండదు. మంచె మీద ఉన్నంతసేపు అందరికంటే దూరం చూస్తాడు, కానీ అందరికీ దూరంగా ఉంటాడు. ఆట మొత్తంలో ఒక్కసారి కేక వెయ్యొచ్చు. కేక వేస్తే తోటివాళ్ళంతా ఎంతటి ప్రమాదం నుంచైనా తప్పించుకుంటారు. ఆ తర్వాత అతని కోసం ఒక పిక్క తియ్యాలి. పదకొండు గానీ ఆపైన గానీ వస్తే బతుకుతాడు. పదీ అంతకు తక్కువా వస్తే వచ్చిన ప్రమాదమంతా అతని మీదే పడుతుంది.

విన్నాక సభ వృత్తులు పంచుకుంది. యలమందయ్య మంచె కాపరి అయ్యాడు. మాబు మంత్రగాడు, యేసుపాదం వైద్యుడు. ముగ్గురూ వేళకి వచ్చారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు మాట్లాడారు. కోట గోడ కింద తోడేళ్ళు చుట్టుముడితే యలమందయ్య కేక వేశాడు. పదహారు పడింది. మాబు చప్పట్లు కొట్టాడు. ఇంతటి వృత్తిని సృష్టించిన మహానుభావుడెవరని యేసుపాదం అడిగాడు. వేటపాలెంలో జీడిపప్పు మధ్య తపస్సు చేసుకుంటున్నాడని చెప్పాను.

పనికిరానిది అన్నావు. చూశావుగా, పనికొచ్చింది. ఈసారి కార్డు నిండా రాయి.

నాగేంద్ర


వేటపాలెం,
16 నవంబర్ 2003

నాగేంద్రా,

పదహారు పడింది కాబట్టి యలమందయ్య గారు బతికారు. అది అదృష్టం, దాన్ని చూసి వృత్తి బాగుందనకూడదు.

ఆ లెక్క నాకు ఇంకా మింగుడుపడలేదు. పదకొండు ఎక్కువరా, ఆరు పెట్టు, చాలు అని నువ్వు మొదట్లోనే చెప్పావు. నేను వినలేదు. భయం లేని కేకకి విలువేముందని మెస్సులో ఉపన్యాసం ఇచ్చాను. ఆఖరి ఆదివారం ఇనప పందుల మంద వచ్చింది. కేక వేశాను, మిగతా ముగ్గురూ బయటపడ్డారు. నువ్వు బోర్డు వెనక పిక్క తీసి 'ఆరు' అన్నావు. నీ మాట వినుంటే సరిగ్గా ఆ ఆరుతోనే బతికేవాడు. రెండేళ్ళు పెంచుకున్న మనిషిని నా పంతంతో నేనే చంపుకున్నాను.

అందుకని మార్చాను. ఇక నుంచి ఆరు వస్తే చాలు. దానికి బదులుగా కేక ఒక్కడినే కాపాడుతుంది, అందరినీ కాదు. ఈ రెండో రకాన్ని నీ బల్ల దగ్గర ఆడించి ఏమైందో రాయి. ఇక్కడ ఆడించడానికి నాకెవరూ లేరు.

పప్పు ఏరే షెడ్డులో కూర్చుంటాను. గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. చేతులకి బూడిద రాసుకుని పెంకు కొట్టేవాళ్ళు అవతల ఉంటారు. యాభై మంది ఆడవాళ్ళు లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకుంటుంటారు, నేను వెళ్ళగానే ఆపేస్తారు. మేనేజరు మేనల్లుణ్ణి కదా. నసీమున్నీసా అనే పెద్దావిడ మాత్రం, "ఏం బాబూ, నోట్లో గుండుపప్పు పెట్టుకున్నావా, పలకవు" అంటుంది. దానిక్కూడా ఏం చెప్పాలో తోచదు. నువ్వుంటే చెప్పేవాడివి.

ఇషాక్


గుంటూరు,
7 డిసెంబర్ 2003

ఒరేయ్ ఇషాక్,

ముందు నసీమున్నీసా గారికి జవాబు: "పప్పు కాదండీ, పెంకు, మింగలేను, ఉమ్మలేను." అలా అని చూడు, షెడ్డంతా నీదే.

రెండో రకం మంచె కాపరిని సభ క్షుణ్ణంగా పరీక్షించింది. రెండు ఆదివారాలు ఆడాం. ఎవరూ చావలేదు. యలమందయ్య కేక వేశాడు, మాబుని కాపాడాడు, యేసుపాదం తన దారిన తాను పారిపోయాడు. అందరూ క్షేమం. అందరూ ఇళ్ళకి వెళ్ళి అన్నాలు తిన్నారు.

నిజం చెప్పమంటే, పాతవాడే బాగున్నాడు. పాతవాడు నోరు తెరిస్తే మెస్సులో ఎవడూ ముద్ద మింగేవాడు కాదు. ఇప్పటివాడు కేక వేస్తే పాలవాడు వచ్చాడేమో అన్నట్టుంది. ఆ పదకొండుని మళ్ళీ పెట్టరా. ఆరు నా సలహాయే, ఒప్పుకుంటాను, కానీ నా సలహాలు నువ్వెప్పుడు విన్నావని ఇప్పుడు వింటున్నావు.

ఇక్కడ కాయ సీజను మొదలుకాలేదు. గదులన్నీ ఖాళీ. బీటెక్ మెకానికల్ చదివిన నేను ఖాళీ గదుల్ని చల్లగా ఉంచుతున్నాను.

నాగేంద్ర


వేటపాలెం,
11 జనవరి 2004

నాగేంద్రా,

ముందు నీ బల్ల సంగతి. అక్కడ ఎవరూ లేరు కదరా?

కోపంతో అడగడం లేదు. వృత్తులు తయారు చేసేవాడిగా అడుగుతున్నాను. మనం ఆడిన మొదటి నెలలో ఏం జరిగింది? మంత్రగాడు ఒకే మంత్రం పదకొండుసార్లు చదివి కోడిని ఏనుగంత చేశాడు, ఎక్కడా వద్దని రాయలేదుగా అన్నాడు. వైద్యుడు తన గాడిదని తానే పొడిచి, తానే కట్టుకట్టి, అనుభవం వచ్చింది రాసుకో అన్నాడు. వాళ్ళు తూట్లు పొడిచిన చోటల్లా మనం కొత్త నియమం రాసుకున్నాం. నలుగురు కూర్చుంటే ఒకడైనా మోసం చేస్తాడు, ఒకడైనా బల్ల చరుస్తాడు. నీ ఆటలో నాలుగు నెలలుగా ఒక్కడు ఆలస్యంగా రాలేదు, ఇదెక్కడి రూలని ఒక్కడు అడగలేదు. ఎవడూ తూటు పొడవలేదంటే ఎవడూ ఆడలేదని అర్థం.

ఇంకోటి. నీ ఉత్తరాల మీద తేదీలన్నీ ఆదివారాలే. ఆదివారం మధ్యాహ్నం ఆట ఉన్నవాడు నాకు ఇంతేసి ఉత్తరాలు ఎప్పుడు రాస్తాడు?

సరే, అది వదిలెయ్. సఫూరా పేపర్లో ఒక ప్రకటన కత్తిరించి తెచ్చింది. హైదరాబాదులో ఎవరో కంప్యూటర్ ఆటలు తయారు చేస్తున్నారట. మార్కులు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు. సొంతంగా తయారు చేసిన ఒక పాత్రని నియమాలతో సహా మార్చి పదో తేదీ లోపు పంపమన్నారు. నచ్చితే పిలుస్తారు. "మంచె మీదోణ్ణి పంపు అన్నయ్యా" అని రోజూ నా ప్రాణం తీస్తోంది.

కావాలనే ఉంది. ఈ షెడ్డులోంచి బయటపడే దారి ఇంకోటి నాకు కనబడటం లేదు. కానీ ఆడితే చచ్చిపోయినవాణ్ణి ఎలా పంపను? వాళ్ళు అడగరా, దీన్ని ఎక్కడైనా ఆడించారా, ఏమైంది అని? మూడో రకం రాస్తున్నాను. ఇందులో కేక లేదు.

ఇషాక్


గుంటూరు,
25 జనవరి 2004

ఒరేయ్ ఇషాక్,

ఇవాళా ఆదివారమే. దొరికిపోయాక తేదీ మార్చడం దేనికని అలాగే వేశాను.

ఎవరూ లేరు. మాబు ఉన్నాడు, యలమందయ్య ఉన్నాడు, యేసుపాదం మొన్న దసరాకి ఒంగోలు బదిలీ అయిపోయేదాకా ఉన్నాడు. మనుషులు నిజం, ఆటే అబద్ధం. మంచం మీద డ్రాయింగ్ బోర్డు నిలబెట్టి, ఇటు కూర్చుని యలమందయ్యనై మాట్లాడి, లేచి అటు వెళ్ళి కథకుణ్ణై జవాబు చెప్పేవాణ్ణి. మాబు చప్పట్లు నావే. యేసుపాదం నిన్ను మహానుభావుడన్నది కూడా నేనే, అది మాత్రం వెనక్కి తీసుకోను. ఒక్కణ్ణే ఆడితే మోసం చెయ్యబుద్ధి కాదురా, ఎవర్ని చెయ్యాలి?

నీ ఉత్తరం చదివాక సిగ్గేసి, కొత్త పిక్కల సంచి పట్టుకుని నిజంగానే గేటు దగ్గరకి వెళ్ళాను. యలమందయ్య గొంగళి మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏంది బాబూ అది, అష్టాచెమ్మానా?"

"కాదు మామా, కథ. నువ్వు మంచె మీదున్నావు. పందులొస్తున్నాయి."

"ఏం చేను?"

"ఏదో ఒక చేను."

"ఏదో ఒకటంటే ఎట్టా? జొన్న చేనుకైతే పిట్టలొస్తాయి. పందులంటే శనక్కాయ అని చెప్పు."

"సరే, శనక్కాయ. కేక వేశావు. ఇప్పుడు నీకోసం ఒక పిక్క తియ్యాలి. పదకొండో ఆపైనో వస్తే బతుకుతావు."

"నాకోసమైతే నువ్వు తీసేదేంది, ఇటియ్యి" అని సంచి లాక్కున్నాడు. మూడు వచ్చింది. "ఇది చెల్లదు, చెయ్యి జారింది" అని లోపల పడేశాడు. అయిదు వచ్చింది. "ఇది ఆ పందిది, నాది కాదు." మూడోసారి పద్దెనిమిది. "ఆఁ, చూశావా, పోయినాయి."

నీ సిద్ధాంతం రుజువైంది. నా మొదటి ఆటగాడు మొదటి నిమిషంలోనే మోసం చేశాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

తర్వాత ఆయనే అడిగాడు: "కేకేసినాక సచ్చేదేంది బాబూ? మా నాయన అద్దంకి పక్కన ఇరవై ఏళ్ళు మంచె మీద పడుకున్నాడు, నేను తొమ్మిదేళ్ళు. భయం లేదని కాదు, శానా ఉంటది. కానీ ఒకడు కేకేస్తే అవతల చేలో మంచె మీదోడు మళ్ళీ కేకెయ్యాల. అది పద్ధతి. వాడికీ మాకూ గట్టు తగాదా ఉన్నా సరే, వెయ్యాల. అది వినబడితే మనకి సగం బలం." ఆ తిరిగి వచ్చేదాన్ని మారుకేక అంటారట.

నీ నియమాల్లో మారుకేక లేదు. ఉండాలేమో. కేకని తీసెయ్యకురా, పుణ్యం ఉంటుంది.

నాగేంద్ర


వేటపాలెం,
15 ఫిబ్రవరి 2004

ఒరేయ్ నాగేంద్రా,

అయిదు ఆ పందిది అన్న చోట షెడ్డులో కూర్చుని పైకే నవ్వాను. నసీమున్నీసా గారు ఏమైందని అడిగింది. నీ పెంకు జవాబు కూడా చెప్పేశాను. "వచ్చిందమ్మా మాట" అని అందరికీ చాటింది. ఇప్పుడు నేను వెళ్ళినా కబుర్లు ఆపడం లేదు.

ఒక సంగతి చెప్పాలి. ఫోన్ పెట్టేసింది నీ మీద కోపంతో కాదు. కథకుడివి, పిక్క ఏం చెబితే అది చెప్పావు, నీ తప్పేముంది? నీ గొంతు వినగానే 'ఆరు' అన్నదే వినబడేది. నేను గొప్పగా కట్టిన లెక్క అందరి ముందూ ఒక్క పిక్కతో కూలిపోయింది. అప్పటి నుంచి ఏం రాయబోయినా అదే గుర్తొస్తుంది. ఆ తర్వాత ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో డిజైన్ గురించి అడిగితే నోరు పెగల్లేదు, ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మామయ్య రమ్మంటే ఇక్కడికి వచ్చి పప్పు ఏరుతున్నాను. గుండు గుండే, బద్ద బద్దే. ఇందులో నేను కట్టే లెక్కేమీ లేదు.

మారుకేక చాలా బాగుంది. రెండు రోజులు దాని మీదే ఆలోచించాను. అవతలి మంచె నుంచి జవాబొస్తే పిక్కకి మూడు కలపాలి, అలా రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను. అసలు కేకే తప్పని తేలాక మారుకేక ఎక్కడ అతికించను? మూడో రకం పూర్తయింది. మంచె దిగాడు, వడిసెల వదిలేశాడు, అందరి మధ్యా నడుస్తాడు. ఏ ప్రమాదం వచ్చినా అందరితో పాటు పరిగెడతాడు. ఎవరూ చావరు. సఫూరా చదివి, "ఇతనెవరు అన్నయ్యా?" అని కాగితం తిరిగిచ్చేసింది. పంపితే దీన్నే పంపుతాను, లేకపోతే ఏదీ పంపను. ఏదీ పంపకపోవడమే మేలనిపిస్తోంది.

ఏదైతే అది. మార్చి పది దాటాక ఒక ఆదివారం గుంటూరు వస్తాను. సంచి తెస్తాను. ఇద్దరం ఉన్నా ఆడొచ్చు. యలమందయ్య గారిని కూడా కూర్చోబెడదాం, మోసం చెయ్యడానికి ఒకడుండాలిగా.

ఇషాక్


గుంటూరు,
22 ఫిబ్రవరి 2004

ఒరేయ్ ఇషాక్,

నువ్వు వస్తానన్న వాక్యం దగ్గర ఆగిపోయి నాలుగు రోజులు ఈ ఉత్తరం రాయలేదు. రాయకుండా ఉంటే నువ్వు వస్తావు. రాస్తే రాకపోవచ్చు. మధ్యాహ్నం అయింది, బోర్డు గోడకి ఆనించి ఉంది, రాస్తున్నాను.

మొదటి ఉత్తరంలో నేరాల జాబితా ఇచ్చాను గుర్తుందా? అందులో ఒక్కటీ నిజం కాదు. బకెట్ నిజంగా నాదే, అడుగున మా నాన్న వెంకటనారాయణ పేరు మేకుతో చెక్కి ఉంటుంది. పచ్చడి తిన్నది నిజంగా చీమలే. నీ రబ్బరు నీ చొక్కా జేబులోనే ఉంది, అది నేనే వెతికి తీశాను. చెయ్యనివన్నీ చేశానని రాశాను, చేసింది ఒక్కటి రాయకుండా ఉండటం కోసం.

ఆఖరి ఆదివారం గుర్తు చేసుకో. పిక్కలు కలుపుతుంటే మనవాళ్ళు బస్సుల టైములు మాట్లాడుకుంటున్నారు. గదుల్లో మంచాల కింద ట్రంకు పెట్టెలు తాళాలు పడి ఉన్నాయి. నీ మంచె కాపరి బతికితే కోట తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకుంటే కథ అయిపోతుంది. తలుపు వెనక ఏముందో నేను రాసుకోలేదు, రాయడానికి చేతులు రాలేదు. రెండేళ్ళ ఆదివారాలు అక్కడితో సరి, సోమవారం నుంచి మీరంతా మీ మీ ఊళ్ళు, నేను పొన్నూరు. నాకు ఇంకో ఆదివారం కావలసి వచ్చింది.

నీ మనిషి చస్తే గొడవవుతుందనుకున్నాను. నువ్వు బల్ల చరుస్తావు, చెల్లదంటావు, మళ్ళీ తియ్యమంటావు. మిగతావాళ్ళు నీ పక్షం చేరతారు. గంటసేపు కొట్టుకుని, సరే, ఊళ్ళకెళ్ళి వచ్చే ఆదివారం మళ్ళీ రండి, తేల్చుకుందాం అంటాను. అందరూ వస్తారు. నలుగురు కూర్చుంటే ఒకడైనా మోసం చేస్తాడని నువ్వు రాశావే, ఆ లెక్కే నేనూ కట్టుకున్నాను. నువ్వు మాత్రం అలాంటివాడివి కాదని ఆ క్షణాన తట్టలేదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా బోర్డు వెనక్కి తొంగి చూడనివాడివి. 'సరే' అన్నావు. కాగితం నాలుగు మడతలు పెట్టావు. లేచి వెళ్ళిపోయావు. నీ వెనకే అందరూ లేచారు. తెల్లారి సంచి కోసం వచ్చినప్పుడైనా చెబుదామనుకున్నాను. నువ్వు నా మొహం చూడలేదు, నేను చెప్పలేదు.

వేరే ఏ అంకె చెప్పినా సరిపోయేది. ఏడు అనొచ్చు, తొమ్మిది అనొచ్చు. ఆరు అన్నది మాత్రం కుళ్ళు. రెండేళ్ళ కిందట నేనే రైటని, నువ్వు వినలేదని. ఇంకో ఆదివారం కోసం అబద్ధం ఆడుతూ కూడా వాదన గెలవాలనుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని నువ్వు నోరు మూసుకుని వెళ్ళి జీడిపప్పు ఏరుతున్నావని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు. తెలిసుంటే ముందే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని రాద్దామని కలం ఎత్తాను, రాయలేకపోతున్నాను.

నీ లెక్క తప్పలేదు. పదకొండు సరైన అంకె. నీ వృత్తి ఆడితే చావలేదు, బతికింది. నిజమైన బల్ల మీద, నిజమైన మనుషుల మధ్య, ముగ్గుర్ని కాపాడి తనూ బతికింది. ఎవరైనా అడిగితే అలాగే చెప్పు, సాక్ష్యానికి నేనొస్తాను. మొదటివాణ్ణే పంపు, మంచెతో, వడిసెలతో, కేకతో. మారుకేకకి మూడు కలుపు, కొట్టెయ్యకు. నాతో మళ్ళీ మాట్లాడకపోయినా సరే, మార్చి పది లోపు అది పోస్టులో పడాలి. గట్టు తగాదా ఉన్నా కేకెయ్యాలని యలమందయ్య చెప్పాడు, అందుకని ఇంత గట్టిగా రాస్తున్నాను.

కవరు మూలలో గట్టిగా తగిలేదాన్ని పారెయ్యకు. అది రైల్లో జారిపోలేదు. నువ్వు చూపించమంటావేమోనని భయపడి ఆ రోజు చొక్కా జేబులో వేసుకున్నాను. అప్పటి నుంచి చొక్కాలు మారాయి గానీ అది మారలేదు. వైట్నర్ కొంచెం చెరిగింది, అయినా అంకె చదవొచ్చు. సంచిలోంచి ఆ జీడిగింజ తీసేసి దీన్ని వెయ్యి.

ఆ మధ్యాహ్నం బోర్డు వెనక నా చేతిలోకి వచ్చింది ఈ పద్నాలుగే. ఆరు అన్నది నేను.

నాగేంద్ర